డిసెంబరులో ఎన్4 జపనీస్ పరీక్ష: ముప్పయ్యో పాఠం దగ్గర ఆగిపోయాను, తెలుగులో చెప్పేవారున్నారా?

ఒరగడం షిఫ్టు (తాంబరం, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు దగ్గర కోవూరు. డిప్లొమా అయ్యాక చెన్నై వచ్చి, ఒరగడంలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక జపాన్ కంపెనీలో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 (అయిదు స్థాయిల్లో కింది నుంచి రెండోది) పాసైనవాళ్లను శిక్షణకు జపాన్‌లోని ప్రధాన కర్మాగారానికి పంపుతామని వేసవిలో నోటీసు పెట్టారు. మా లైనులో నలుగురం ఫీజు కట్టాం. పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం.

మా పాఠ్యపుస్తకం 'మిన్న నొ నిహొంగొ' మొదటి భాగం, అంటే ఇరవై అయిదు పాఠాలు, అయిపోయాయి. రెండో భాగంలో ఇరవై తొమ్మిది, ముప్పై పాఠాల దగ్గర చిక్కుకున్నాను. 'తె ఇరు', 'తె అరు', 'తె ఒకు' మూడూ నాకు ఒక్కలాగే కనిపిస్తున్నాయి. ఆదివారం తరగతిలో మాస్టారు ఇంగ్లీషులో వివరిస్తారు. అక్కడ తల ఊపుతాను, హాస్టల్‌కు వచ్చి పుస్తకం తెరిస్తే ఏమీ మిగలదు. మళ్లీ అడిగితే 'ఇది బట్టీ పట్టాల్సిందే' అన్నారు. తోటివాళ్లు తమిళంలో చర్చించుకుంటారు, నా తమిళం కూరగాయల బేరం వరకే.

వినడంలో మరీ అన్యాయం. మాదిరి పరీక్షలో మొదటి రెండు ప్రశ్నలు బాగానే పోతాయి. మూడో దాంట్లో ఒక మాట తెలియక దాని గురించే ఆలోచిస్తుంటే నాలుగోది కూడా దాటిపోతుంది. ప్లాంటులో కైజెన్, గెంబ, పొకయొకె, ఫైవ్ ఎస్ మాటలు రోజూ నలుగుతుంటాయి. పరీక్ష ఆడియోలో వాటిలో ఒక్కటీ వినపడదు! కంజి, అంటే ఆ చైనా అక్షరాల సంగతి అడగకండి.

షిఫ్టు వారం వారం మారుతుంది. కంపెనీ బస్సులో కూర్చున్న సమయమే నా చదువు సమయం. ఎన్5 రాయకుండా నేరుగా ఎన్4 కట్టడం దుడుకుతనం అయిందా?

వైట్‌ఫీల్డ్ వాసి (బెంగళూరు)

దుడుకుతనం ఏమీ కాదండి. ఏ స్థాయికైనా నేరుగా కూర్చోవచ్చు, కింది స్థాయి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. ఇరవై అయిదు పాఠాలు పూర్తయ్యాయంటే ఎన్5 సరుకు దాదాపు మీ దగ్గర ఉన్నట్టే.

మార్కుల లెక్క మాత్రం ఇప్పుడే తెలుసుకోండి, చాలామంది ఫలితం వచ్చాక తెలుసుకుంటారు. ఎన్4 మొత్తం 180కి. పాసవడానికి 90 రావాలి. అది చాలదు. పదాలు, వ్యాకరణం, చదవడం కలిపి 120కి ఇచ్చేదాంట్లో కనీసం 38, వినడంలో 60కి కనీసం 19 విడివిడిగా రావాలి. నాతో గది పంచుకున్న అతను ఎన్3 రాశాడు. అక్కడ మొత్తం 95 చాలు, అతనికి అంతకంటే చాలానే వచ్చాయి. వినడంలో 19 దాటలేదు. ఫెయిల్.

తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. అన్నీ గళ్లు దిద్దే ప్రశ్నలే, రాయడమూ మాట్లాడడమూ ఉండవు. ఎన్4కు పదాలకు 25 నిమిషాలు, వ్యాకరణం, చదవడానికి కలిపి 55, వినడానికి 35. ఆ 55 నిమిషాల్లో వ్యాకరణం త్వరగా ముగించకపోతే చివరి పాఠ్యభాగాలకు సమయం ఉండదు.

దుబాసి (పెరంబూరు, చెన్నై)

అమ్మాయ్, ముందు ఆ మూడింటి సంగతి తేల్చేద్దాం.

నేను పుట్టింది పెరంబూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇరవై ఏళ్లకు పైబడి శ్రీపెరుంబుదూరు, ఒరగడం కర్మాగారాల్లో జపాన్ ఇంజనీర్లకూ మనవాళ్లకూ మధ్య నిలబడి మాటలు చేరవేస్తున్నాను. చెన్నపట్నంలో తెలుగువాళ్లకు దుబాసీ పని కొత్త కాదు, కంపెనీ మారిందంతే.

కిటికీని తీసుకో. 'మదొ గ షిమత్తె ఇరు' అంటే కిటికీ మూసుకుని ఉంది. ఎవరు మూశారన్న ఊసు లేదు, గాలికే మూసుకుందేమో. 'మదొ గ షిమెతె అరు' అంటే కిటికీ మూసిపెట్టి ఉంది. ఎవరో ఏదో పనిమీద మూశారు, ఆ మనిషి ఇక్కడ లేడు, చేసిన పని కనిపిస్తోంది. 'మదొ ఒ షిమెతె ఒకు' అంటే కిటికీ మూసి ఉంచడం. వాన వచ్చేలా ఉంది, ముందే మూసి ఉంచుతాం. మూసుకుని ఉంది, మూసిపెట్టి ఉంది, మూసి ఉంచు. ఈ మూడింటికీ తేడా నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇందులో బట్టీ పట్టేది ఏముంది? మీ మాస్టారు నిన్ను జపనీస్ నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ తిప్పుతున్నారు. ముక్కు ఏదిరా అంటే చెయ్యి తలచుట్టూ తిప్పి చూపించినట్టుంది.

రెండో భాగంలో సగం ఇలాగే నడుస్తుంది. 'తబెతె మిరు' అంటే తిని చూడడం. 'తబెతె షిమత్త' అంటే తినేశాను, అయ్యో తినేశానే అన్న బాధ కూడా అందులోనే. 'అషిత కురు తొ ఇఇమషిత' అంటే 'రేపు వస్తాను అని అన్నాడు'. మన 'అని' ఎక్కడ కూర్చుంటుందో వాళ్ల 'తొ' అక్కడే కూర్చుంటుంది. వ్యాకరణంలో నక్షత్రం గుర్తు ప్రశ్నలు ఉంటాయి, చూసే ఉంటావు: నాలుగు ముక్కలు చెల్లాచెదురుగా ఇచ్చి, వరుసలో పెడితే నక్షత్రం ఉన్న గడిలోకి ఏది వస్తుందని అడుగుతారు. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లకు అవి నరకం. 'కినో తొమొదచి ని కరిత హొన్ ఒ యొమిమషిత'ను తెలుగులో పెట్టి చూడు: 'నిన్న స్నేహితురాలి దగ్గర తీసుకున్న పుస్తకాన్ని చదివాను'. ఒక్క ముక్క కూడా చోటు మారలేదు. ఆ ప్రశ్నలు నీకు మార్కుల మూట.

అయితే తెలుగు చెయ్యి వదిలేసే చోట్లు కొన్ని ఉన్నాయి. నీ సమయం వాటి మీద పెట్టు.

మొదటిది మన 'తే'. వస్తే, నొక్కితే, కొంటే, వెళ్తే అని ఒక్క 'తే'తో బతికేస్తాం. వాళ్లకు తొ, బ, తర, నర అని నాలుగున్నాయి. మీట నొక్కితే టికెట్ వస్తుంది లాంటి తప్పనిసరి ఫలితానికి 'తొ'. కానీ దాని వెనక ఆజ్ఞ, అభ్యర్థన రావు. కాబట్టి 'వాన వస్తే కిటికీ మూయండి'లో 'తొ' పనికిరాదు, 'అమె గ ఫుత్తర' అనాలి. నలుగురు కలిసి చదువుతున్నారు కదా, ఒక్కో దానికి ప్లాంటు నుంచే వాక్యాలు కట్టి ఒకరినొకరు పరీక్షించుకోండి.

రెండోది ఇవ్వడం. నేను ఇచ్చినా, నాకు ఇచ్చినా మనకు 'ఇచ్చు' ఒక్కటే. వాళ్లకు నా నుంచి బయటికి పోతే 'అగెరు', నా వైపు వస్తే 'కురెరు'. దీనికి పుచ్చుకోవడం అనే 'మొరౌ' కలిసి, పైగా 'చేసిపెట్టడం' అర్థంలో మూడూ వేరే క్రియల వెనక చేరతాయి. వినే భాగంలో ఎవరు ఎవరికి చేశారన్నది ఈ ఒక్క మాట మీదే తేలుతుంది.

మూడోది ముప్పై ఏడో పాఠంలోని కర్మణి ప్రయోగం. మనం బడి వ్యాకరణంలో తప్ప వాడం, వాళ్లు చీటికీ మాటికీ వాడతారు. 'అమె ని ఫురరెమషిత' అంటే వాన చేతిలో బాధపడ్డానని. వానకు కూడా కర్మణి ఏమిటని నవ్వుకుని నేర్చుకో, గుర్తుంటుంది.

చివరి రెండు పాఠాల్లో మర్యాద వస్తుంది. గారు, మీరు, వచ్చారు అలవాటైనవాళ్లం, మనకు సులువే అనుకుంటాం. పేచీ ఒకటుంది. 'మా మేనేజరుగారు వస్తున్నారు' అని బయటివాళ్లతో మనం అంటాం. జపాన్‌లో కస్టమర్ ముందు సొంత మేనేజరుకు మన 'గారు' లాంటి 'సన్' తగిలించరు, అతని గురించి వినయంగా తగ్గించి చెబుతారు. ఇది తెలియని కొత్త దుబాసీలు మీటింగుల్లో నాలుక కరుచుకోవడం చాలాసార్లు చూశాను.

ఇక కంజి. 2010లో పరీక్ష మార్చినప్పటి నుంచి అధికారిక జాబితా ఇవ్వడం మానేశారు. ఎన్4కు సుమారు మూడు వందలని పుస్తకాలవాళ్లు చెప్పేది అంచనా. ఒక్కో కంజికి రెండు మూడు ఉచ్చారణలు ఎందుకని అందరూ గోల పెడతారు. మనం ఎందుకు పెట్టాలి? విడిగా ఉంటే 'నీళ్లు' అంటాం, సమాసంలోకి వెళ్తే జలాశయం, జలపాతం అంటాం. వాళ్లూ అంతే. నీళ్లు విడిగా 'మిజు', జతకడితే 'సుఇ': బుధవారం సుఇయోబి, నీటి సరఫరా సుఇదో. కొండ విడిగా 'యమ', ఫుజి పక్కన చేరితే 'సన్'. మనకు సంస్కృతం నుంచి వచ్చినట్టే వాళ్లకు చైనా నుంచి వచ్చింది. అన్నిసార్లూ ఇలాగే అని కాదు, కానీ ఎక్కువసార్లు ఇంతే. అందుకే అక్షరాన్ని విడిగా నేర్చుకోకు, మాటలోనే నేర్చుకో.

ఉచ్చారణను మాత్రం తెలుగులో రాసుకోకు. చెవి విషయంలో తెలుగు వరం. ఎ-ఏ, ఒ-ఓ తేడా, ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చాయి. 'ఒబసన్' అత్తో పిన్నో, 'ఒబాసన్' నాయనమ్మ. హిందీవాళ్లు 'ఒ', 'ఓ' దగ్గర తడబడతారు, మనం తడబడం. వాళ్ల 'త్సు' కోసం అందరూ నాలుక మెలిపెడతారు, అది మన చుక్కలో, చుట్టంలో పలికే చ. కానీ పరీక్షలో ఉచ్చారణ ఎంపికలు వాళ్ల ఉచ్చారణ అక్షరాలైన హిరగానలో ఉంటాయి. ప్రయాణం అనే మాటకు 'ర్యొకో' అని నాలుగు రకాలుగా రాసి, దీర్ఘం ఎక్కడుందో పట్టుకోమంటారు. హిరగానలో ఆ దీర్ఘాన్ని 'ఉ' అక్షరంతో చూపిస్తారు. తెలుగులో ఓత్వం పెట్టి రాసుకున్నవాళ్లకు ఆ 'ఉ' కంటికి అలవాటు కాదు, అక్కడ మార్కు పోతుంది.

వినడం గురించి రాత్రికి రాస్తాను, బాయిలరు దగ్గర ఎవరో పిలుస్తున్నారు.

అన్నానగర్ (చెన్నై)

దుబాసిగారు చెప్పింది బాగుంది కానీ ఇంగ్లీషును పక్కన పెట్టమనడం ఈ రోజుల్లో కుదిరే పని కాదు. మంచి పుస్తకాలు, వీడియోలు, నిఘంటువులు అన్నీ అందులోనే ఉన్నాయి. నేను మొత్తం ఇంగ్లీషులోనే చదివి ఎన్2 పాసయ్యాను.

కడప నుంచి (చెన్నై)

నేను వృద్ధుల సంరక్షణ పనికి శిక్షణ తీసుకుంటున్నాను. ఒక్క విషయం. మీ నోటీసులో జేఎల్‌పీటీ అనే ఉందా, లేక 'లేదా జేఎఫ్‌టీ బేసిక్' అని ఇంకో జపనీస్ పరీక్ష పేరు కూడా ఉందా చూడండి. జపాన్ 2019లో మొదలుపెట్టిన ప్రత్యేక నైపుణ్య కార్మికుల వీసాకు రెంటిలో ఏది ఉన్నా ఒప్పుకుంటారు. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద రాసేది, గంటసేపు, 250కి 200 రావాలి. ఏడాదిలో చాలాసార్లు జరుగుతుంది, మార్కులు అప్పుడే తెరమీద కనిపిస్తాయి. కంపెనీ శిక్షణ వీసా వేరే కావచ్చు, హెచ్ఆర్‌ను అడగండి.

ఒరగడం షిఫ్టు

కడపవారికి ధన్యవాదాలు. మా నోటీసులో జేఎల్‌పీటీ అనే ఉంది.

దుబాసిగారూ, ముప్పయ్యో పాఠం అభ్యాసాలు మొత్తం ఈ రోజు బస్సులోనే చేసేశాను. 'మూసుకుని ఉంది' దగ్గర నవ్వొచ్చింది, పక్కనున్న అమ్మాయి ఫోనులో ఏం చూస్తున్నావని అడిగింది. నా సందేహం ఏమిటంటే, తరగతిలో ఇచ్చిన ఫ్లాష్‌కార్డుల వెనక ఇంగ్లీషు అర్థాలున్నాయి. కొత్తగా చేసుకోవాలా? అంత సమయం లేదు. వినడం గురించి కూడా రాస్తానన్నారు.

దుబాసి

అన్నానగర్‌గారూ, మీరు ఇంగ్లీషులో ఎన్2 తెచ్చుకున్నారంటే మీకు ఇంగ్లీషు బాగా వచ్చని. ఈ అమ్మాయికి జపనీస్ పరీక్షతో పాటు ఇంగ్లీషు పరీక్ష కూడా పెట్టడం ఎందుకు? వనరులు ఏ భాషలో ఉన్నా వాడుకోవచ్చు. జపాన్ ఫౌండేషన్‌వాళ్ల 'ఇరొదొరి' పాఠాలు ఆడియోతో సహా ఉచితం. పరీక్ష అధికారిక వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నలతో కూర్చిన రెండు మాదిరి సంపుటాలు, 2012వీ 2018వీ, వాటి ఆడియోతో ఊరికే దొరుకుతాయి. ఎవరైనా 'మాదిరి పేపర్లు' అని డబ్బడిగితే ముందు ఇవి చూడు.

కార్డులు కొత్తవి వద్దు. విడి మాటలున్న కార్డులకు ఇంగ్లీషు ఉన్నా నష్టం లేదు, బల్ల అంటే బల్లే. వ్యాకరణం కార్డులకు మాత్రం వెనక ఉన్నది కొట్టేసి, ఒక పూర్తి తెలుగు వాక్యం రాసుకో. ఆంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడుతుంటే ఆండ్రాయిడ్‌లో ఉచితం.

వినడంలో నీ ఇబ్బంది చెవిది కాదు, పోయిన ప్రశ్నను పట్టుకుని వేలాడడం. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఏదో ఒక గడి దిద్దు, వదిలేయ్, తర్వాతి బొమ్మ మీద చూపు పెట్టు. దీన్ని కూడా సాధన చేయాలి, ఇంట్లో మాదిరి ఆడియో వింటూ మధ్యలో ఆపేవాళ్లకు ఇది ఎప్పటికీ రాదు. నిలిపే మీట మీద వేలు పడనివ్వకు.

ఎన్4లో నాలుగు రకాలుంటాయి. మొదటి రకంలో, రెండో రకంలో ప్రశ్నను సంభాషణకు ముందే చెబుతారు, చివర మళ్లీ చెబుతారు. ముందు చెప్పినప్పుడు ఎవరు, ఏం చేయాలి అన్న రెండు ముక్కలు పట్టుకో. లోపల మొదట వచ్చిన సమయమో, వస్తువో, చోటో జవాబు అయ్యేది తక్కువ. దాన్ని కాదని ఇంకోటి వస్తుంది. కాదనడం కూడా గట్టిగా ఉండదు, 'చొత్తొ...' అని సాగదీసి ఆపేస్తారు. మనవాళ్లు 'చూద్దాం లెండి' అంటే ఏమిటో నీకు తెలుసు కదా, అదే. మూడో రకంలో బొమ్మలో బాణం గుర్తున్న మనిషి ఏమంటాడో ఎంచుకోవాలి, బాణం ఎవరి మీదుందో చూడకుండా జవాబు దిద్దేవాళ్లు ఉన్నారు. నాలుగో రకానికి కాగితం మీద బొమ్మా ఉండదు, అక్షరమూ ఉండదు. ఒక వాక్యం, మూడు జవాబులు, అన్నీ చెవిలోనే. బస్సు ప్రయాణాన్ని దీనికే కేటాయించు. ఒకే ఆడియోను అలసట వచ్చేదాకా విను, దాని వెంటే పెదవులు కదుపు.

నీ కైజెన్, గెంబ పరీక్షలో రావు, నిజమే. అక్కడ వచ్చేవి ఆసుపత్రి, అద్దె ఇల్లు, చెత్త పారేసే రోజు, తప్పిపోయిన గొడుగు. మీ ప్లాంటులో జపాన్ సారు భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చుంటే వెళ్లి వాతావరణం గురించి మాట్లాడు. వాళ్లకూ మాట్లాడే మనిషి కావాలి.

పరీక్ష రోజు సంగతి. చెన్నైలో దీన్ని నిర్వహించేది ఏబీకే ఏఓటీఎస్ దొసొకై అనే సంస్థ. హాలు టికెట్, గుర్తింపు కార్డు, హెచ్‌బీ పెన్సిళ్లు, రబ్బరు. ఫోను పూర్తిగా ఆపెయ్, మోగితే బయటికి పంపేస్తారు. వినే భాగం మొదలయ్యాక లోపలికి రానివ్వరు కాబట్టి విరామంలో టీ కోసం దూరం వెళ్లకు. డిసెంబరు మొదటివారం అంటే తుపాన్ల కాలం: 2023లో పరీక్ష ఆదివారం 3వ తేదీన పడింది, ఆ మర్నాటికి మిచాంగ్ వానతో ఊరు మునిగింది. తాంబరం నుంచి తెల్లవారి లోకల్ రైలు పట్టుకుందామనుకోకు. కేంద్రం దగ్గర్లో ఎవరైనా స్నేహితురాలు ఉంటే శనివారం రాత్రి వాళ్లింట్లో పడుకో. నైట్ షిఫ్టు పడకుండా ఇప్పుడే సూపర్‌వైజరుతో మాట్లాడు, నలుగురూ ఒకేసారి సెలవడిగితే లైను ఆగుతుందని గొణుగుతాడు, ముందే చెబితే ఏదో సర్దుతాడు.

ఫలితం జనవరి చివర్లో ఆన్‌లైన్‌లో వస్తుంది. కాగితం చేతికి రావడానికి ఇంకా వారాలు పడుతుంది. శిక్షణకు పేర్లు ఏ తేదీలోగా ఇవ్వాలో, ఆన్‌లైన్ ఫలితం ప్రింటు ఒప్పుకుంటారో లేదో హెచ్ఆర్‌ను అడుగు.

ఒరగడం షిఫ్టు

అడిగాను. ప్రింటు చాలట, ఫిబ్రవరి లోపు ఇవ్వాలట. సూపర్‌వైజరు మీరన్నట్టే గొణిగాడు. ఇద్దరికి పగటి షిఫ్టు వేస్తానన్నాడు, మిగతా ఇద్దరం వేరే లైనువాళ్లతో మార్చుకోవాలి. 'తొ', 'తర' వాక్యాలు ఓ పదిహేను రాసి రేపు ఇక్కడ పెడతాను, తప్పులు దిద్దుతారా?

దుబాసి

పెట్టు. తెలుగు వాక్యం కూడా పక్కనే రాయి.